విన్నీ మిగిల్చిన పొద

క్లిఫర్డ్ హర్స్ట్ ఆ మాట అన్నప్పుడు నా చేతిలో పెంట పార ఉంది. ఉత్త చేతులైతే చెంప మీద ఒకటి ఇచ్చుకునేదాన్నే. పార ఉండబట్టి ఆగాను.

నవంబరు నెల. విన్నీ సగ్డెన్ మడిలో పుల్లటి కాడలిచ్చే రూబార్బ్ దుంపల చుట్టూ గుర్రపు పెంట వేస్తున్నాను. ఆ రోజులకి రూబార్బ్ ఆకు కుళ్ళి, జిగటగా నేలకి అంటుకుపోయి ఉంటుంది. దాన్నంతా తీసి పారేసి, దుంప చుట్టూ పెంట వెయ్యాలి. దుంప తల మీద పడకూడదు. పడిందంటే చిగురు వచ్చేలోపే దుంప కుళ్ళిపోతుంది. నేను వంగి జాగ్రత్తగా వేసుకుంటూ ఉంటే క్లిఫర్డ్ దారి మీద ఆగి, టోపీ వెనక్కి తోసుకుని, చాలాసేపు చూశాడు.

"ఆ పని విన్నీ చెయ్యాలి ఐరీన్," అన్నాడు.

"విన్నీకి ఒంట్లో బాలేదని నీకు తెలీదూ?"

"తెలుసు. కిందటి చలికాలం నుంచీ తెలుసు. సాయం ఒక్క ఏడాదేనని నిబంధన ఉందిగా, అది నీకూ తెలుసు. ఆ ఏడాది అయిపోయింది. ఎవరి మడి వాళ్ళు చేసుకోవాలి, చేసుకోలేనివాళ్ళు వదులుకోవాలి. నువ్వు వేసే ఒక్కో పార పెంటా ఆవిడ చెయ్యలేకపోతోందని నాకు చెబుతోంది."

ఇదీ ఆ మాట. నేను మంచి చేస్తున్నాననుకుని చేసిందంతా విన్నీ మెడకే చుట్టుకుందన్నమాట.

వేక్‌ఫీల్డ్ ఊరి చివర, రైలు కట్ట కింద ఉన్నాయి మా మళ్ళు. నేల ఊరి కౌన్సిల్‌ది, ఒక్కో మడీ అద్దెకి తీసుకుని సాగు చేసుకుంటాం, పెత్తనం మా సంఘానిది. క్లిఫర్డ్ సంఘానికి కార్యదర్శి. ఏటా మార్చి మొదటి ఆదివారం మడి మడీ తిరిగి చూస్తాడు. పని జరగని మడిని తీసేసుకుని వరసలో ఉన్నవాళ్ళకి ఇస్తారు. ఇచ్చేముందు నేలంతా చదును చేయిస్తారు. అంటే విన్నీ గూస్‌బెర్రీ పొదలు, బ్లాక్‌కరంట్ పొదలు, రూబార్బ్ దుంపలు, అన్నీ వేళ్ళతో సహా పెకలించి, కుప్ప వేసి తగలబెట్టడమే.

ఆ పొదల్ని నాటింది ఆర్నాల్డ్, విన్నీ మొగుడు. ఉన్ని మిల్లులో పని చేసేవాడు. మిల్లులో మిగిలిన ఉన్ని చెత్తని గోతాల్లో మోసుకొచ్చి రూబార్బ్‌కి వేసేవాడు. మా వైపు రూబార్బ్‌కి దాన్ని మించిన ఎరువు లేదు. మిల్లు మూతపడింది, ఆర్నాల్డ్ పోయాడు, దుంపలు మాత్రం ఉన్నాయి. అవి కూడా కొత్తవి కావు. విన్నీ వాళ్ళమ్మ పెరట్లోంచి పాయలు విడదీసి తెచ్చినవి. ఎప్పటివో ఎవరికీ తెలీదు. ఏటా ఎర్రగా, లావుగా కాడలు తోస్తూనే ఉంటాయి.

క్లిఫర్డ్ చెడ్డవాడు కాదు. అదే నా బాధ, చెడ్డవాడైతే తిట్టుకోడానికి సుఖంగా ఉండేది. మొక్కలంటే ప్రాణం. ఎంత ప్రాణం అంటే ఎదుటివాడి మడిలోవి కూడా తనవే అనుకుంటాడు. నా బఠాణీ తీగకి నేను కట్టిన పురికొస వదులుగా ఉందని, నేను టీ తాగి వచ్చేసరికి విప్పి మళ్ళీ కట్టాడు. పక్క మడి ఆయన స్కార్‌బరో సముద్రపొడ్డుకి వెళ్ళొచ్చేసరికి అతని బ్లాక్‌కరంట్ పొదలన్నీ కత్తిరించి ఉన్నాయి. అడిగితే, "చూస్తూ చూస్తూ ఎలా పోను?" అన్నాడట. ఆ మాట చెప్పుకుని విన్నీ, నేనూ ఏడాదంతా నవ్వుకున్నాం.

ఆ సాయంత్రమే విన్నీ ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది, దాన్ని అక్కడ కుడిచేత్తో తనే పెట్టుకుంటుంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆ చెయ్యి పనికి రాలేదు. ఎడమ కాలు ఈడుస్తుంది గానీ నడుస్తుంది. మాట మాత్రం చెక్కుచెదరలేదు.

"వదిలేస్తానని చెప్పనా?" అన్నాను, ఏమంటుందో చూద్దామని.

"నీ మొహం," అంది విన్నీ. "రేపటి నుంచి నేను వస్తాను. నువ్వు నన్ను గేటు దాకా నడిపించు. లోపలికొచ్చాక చేతులు కోటు జేబుల్లో పెట్టుకో. మళ్ళీ గేటు దాటేదాకా బయటికి తియ్యకు."

"ఒంటి చేత్తో ఏం చేస్తావే?"

"అది నేను చూసుకుంటా. నువ్వు జేబులు చూసుకో."

అలా మొదలైంది. నా జీవితంలో నేను చేసిన అతి కష్టమైన పని ఏదంటే, ఆ చలికాలం చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడడమే. ఇద్దరు పిల్లల్ని కన్నాను, ముసలి అత్తగారికి సేవ చేశాను, ఇంత కష్టం అనిపించలేదు. విన్నీ చిన్న బకెట్‌లో పెంట నింపుకుని, మడి ఆ చివర్నుంచి ఈ చివరికి కాలీడ్చుకుంటూ వచ్చి, ఒంపి, మళ్ళీ వెళ్ళేది. నేను తోపుడు బండిలో ఒక్క విసురులో తెచ్చే పెంటకి ఆమెకి పొద్దంతా పట్టేది. పట్టనీ అనుకోవాలి. అనుకోలేక పళ్ళు నూరుకునేదాన్ని.

కొమ్మ కత్తెర చేతిలోంచి జారి పడేది. వంగి వెతుక్కునేది. ఒకసారి అది గడ్డిలో పడితే నేను మెల్లిగా బూటు కొనతో ఆమె వైపు తోశాను.

"చూశాను," అంది తలెత్తకుండా.

"కాలు జేబులో పెట్టుకోమనలేదుగా."

"రేపు ఒక్క కాలితో రా అయితే."

గూస్‌బెర్రీలు ముందు పట్టింది. ఆ పొద నడుమ ఖాళీగా, గిన్నెలా విచ్చుకుని ఉండాలి, గాలి ఆడాలి. లేకపోతే బూజు పడుతుంది, కాయ కోసేవాడి చేతులు ముళ్ళకి చీరుకుపోతాయి. రెండు చేతులున్నవాళ్ళు ఒక చేత్తో కొమ్మ పక్కకి పట్టుకుని రెండో చేత్తో కోస్తారు. విన్నీ ఎడమ భుజం కొమ్మల్లోకి దూర్చి, ఒంటితో పక్కకి నెట్టి పట్టి, కుడి చేత్తో కోసేది. కోటు చీలికలైపోయింది. చెంప మీద గీతలు పడ్డాయి. ఒకరోజు వాళ్ళమ్మాయి జానెట్ ఆ గీతలు చూసి, "అమ్మా, ఇదంతా దేనికి? బజార్లో దొరకవా గూస్‌బెర్రీలు?" అంది.

"దొరుకుతాయి. కూతుళ్ళు కూడా దొరుకుతారేమో కనుక్కో," అంది విన్నీ.

జనవరిలో రూబార్బ్‌కి మూత పెట్టింది. గట్టి మంచు రెండు మూడు సార్లు పడి, దుంపకి చలి బాగా తగిలాక, ఒక దుంపని వెలుతురు సోకకుండా కప్పేస్తాం. చీకట్లో కాడ లేత గులాబీ రంగులో, పీచు లేకుండా, త్వరగా వస్తుంది. విన్నీ కప్పేది పాత చెత్తడబ్బాతో. దాన్ని దారి వెంట దొర్లించుకుంటూ తెచ్చి, మోకాలితో ఎత్తి బోర్లించింది. బోర్లించాక దాని మీదే కూర్చుని, జేబులోంచి బిస్కెట్ తీసి తింది. ఆ రోజు నాకు మొదటిసారి ధైర్యం వచ్చింది.

తర్వాత బ్లాక్‌కరంట్లు. మూడు పొదలు. ఇవి గూస్‌బెర్రీల్లా కాదు. ముసలి నల్ల కొమ్మల్ని నేల దాకా, మట్టికి అంటుకునేలా కోసెయ్యాలి, అప్పుడే కింద నుంచి కొత్త కొమ్మలు లేస్తాయి, కాపంతా వాటిదే. నేల దాకా అంటే నేల మీద పడుకోవాలి. విన్నీ బొగ్గు గోనె పరుచుకుని దాని మీద పక్కకి వాలి, చేతిరంపంతో కోసింది. లేవడమే గండం. చచ్చుపడిన కాలు కంచె గుంజకి దన్ను పెట్టి, అదే గుంజని కుడిచేత్తో పట్టుకుని, ఒక్క ఊపున లేచేది. మొదట్లో మూడు నాలుగు ఊపులు పట్టేది, మధ్యలో పడిపోయేది కూడా. నేను జేబుల్లో గోళ్ళతో అరచేతులు గిల్లుకుంటూ నిలబడేదాన్ని. ఫిబ్రవరి సగానికి ఒక్క ఊపులో లేవడం వచ్చేసింది. రెండు పొదలు అలా అయ్యాయి. కోతలు చూస్తే నేనే కోశానేమో అనిపించేంత శుభ్రంగా ఉన్నాయి.

మూడోది పనిముట్ల కొట్టాం పక్కన, మూల మీద ఉన్నది. ఆర్నాల్డ్ మొట్టమొదట నాటింది.

తనిఖీకి ముందు రోజు, శనివారం, నేను పక్కింటావిడతో మాట్లాడి కాస్త ఆలస్యంగా వెళ్ళాను. విన్నీ అప్పటికే ఎవరి చెయ్యో పట్టుకుని వచ్చేసి, పని ముగించి కొట్టాంలో ఫ్లాస్కులో టీ పోసుకుంటోంది. మూల మీద పొద చూశాను.

కొమ్మలన్నీ మోకాలెత్తున కోసి ఉన్నాయి. మోళ్ళు, ఎటు చూసినా మోళ్ళు. కొన్ని సగం కోసి వదిలేసినవి. ముసలి నల్ల కొమ్మలు ఒకదానిమీద ఒకటి అడ్డం పడి అలాగే ఉన్నాయి. మంచి కొత్త కొమ్మ ఒకటి విరిగి వేలాడుతోంది.

"ఇదేం కత్తిరింపే?" అన్నాను. "గాడిద మేసినట్టుంది."

"చాల్లే, బాగానే ఉంది."

"బాగానే ఉందా? రేపు క్లిఫర్డ్ ఇది చూశాడంటే మిగతావి చూడడు. అలిసిపోయావా? చెప్పు. నేను ఇప్పుడే..."

నా కుడి చెయ్యి జేబులోంచి బయటికి వచ్చేసింది. కత్తెర బల్ల మీదే ఉంది.

"ఐరీన్," అంది విన్నీ. గొంతు పెంచలేదు. "ఆ పొద మీద చెయ్యి వేశావంటే రేపటి నుంచి నువ్వు నా ఇంటికి రానక్కర్లేదు."

ఇన్నేళ్ళ స్నేహంలో నాతో అలా ఎప్పుడూ అనలేదు. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను. విన్నీకి ఓపిక అయిపోయింది, ఒప్పుకోడానికి పౌరుషం అడ్డొస్తోంది అనుకున్నాను. ఆ రాత్రి నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి.

ఆదివారం క్లిఫర్డ్ వచ్చాడు. మంచి ప్యాంటు, చర్చికి వేసుకునేది. వెనకాల నోరా విట్వామ్, సంఘం కోశాధికారి, చేతిలో అట్ట, పెన్సిలు. విన్నీ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. నేను కొట్టాం గోడకి ఆనుకుని, చేతులు జేబుల్లో.

"ఎలా ఉన్నావు విన్నీ?" అన్నాడు.

"నన్ను చూడ్డానికొచ్చావా, మడినా?"

మడినే చూశాడు. గూస్‌బెర్రీ పొద నడుమ పిడికిలి దూర్చాడు, అది మా దగ్గర పరీక్ష. చెయ్యి బయటికి తీసి రెండు వైపులా తిప్పి చూసుకున్నాడు. ఒక్క గీత లేదు. రూబార్బ్ దగ్గర వంగి, పెంట దుంప తలకి తగలకుండా ఉందో లేదో వేలితో చూశాడు. విన్నీ లేచి వెళ్ళి చెత్తడబ్బాని మోకాలితో పక్కకి తోసింది. లోపల గులాబీ రంగు కాడలు మూరెడు పొడుగున నిలబడి ఉన్నాయి. ఆమె బొటనవేలు కాడ లోపలి వైపుకి జార్చి, అడుగు దాకా పోనిచ్చి, ఒక మెలిక తిప్పి లాగింది. శుభ్రంగా ఊడి వచ్చింది. రూబార్బ్‌ని కత్తితో కొయ్యకూడదు, లాగాలి. అందుకు ఒక్క చెయ్యి చాలు. ఆ కాడని నోరా చేతిలో పెట్టింది.

"ఇదంతా నువ్వే చేశావా?" అన్నాడు క్లిఫర్డ్.

"నీ ఇంటి కిటికీలోంచి కనబడుతూనే ఉంది కదా. రోజూ పరదా పక్కకి జరగడం నేనూ చూశాను."

క్లిఫర్డ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత మూల వైపు తిరిగాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇదేంటి విన్నీ?"

"బ్లాక్‌కరంట్."

"అది కనబడుతోంది. దానికి ఏం చేశావ్?"

"కత్తిరించా."

"ఇది కత్తిరింపు కాదు, కసి." నోరా వైపు తిరిగాడు. "రాసుకో నోరా. ఒక పొద..." మాట పూర్తి కాలేదు. కళ్ళు మళ్ళీ పొద మీదికే పోయాయి. "ఆ మోడు చూడు. అది చస్తుంది, చచ్చి కిందికి కుళ్ళు దించుతుంది. నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు. ఆ నల్ల కొమ్మలన్నీ అలాగే ఉంచుదామనుకుంటున్నా. ఈ ఏడు బాగా కాస్తాయి."

"కాయవు."

"కాస్తాయిలే. నీకేం తెలుసు, పెద్ద చెప్పొచ్చావు."

"నాకేం తెలుసా? ఏటా మన సంఘం ప్రదర్శనలో బ్లాక్‌కరంట్‌కి మొదటి బహుమతి ఎవరిది?"

"నీదే. ఆర్నాల్డ్ ఉన్నన్నాళ్ళూ మాత్రం రెండోది నీది."

క్లిఫర్డ్ వెళ్ళిపోవాలి. పక్క మడి చూడాలి. రెండడుగులు వేశాడు కూడా. ఆగాడు. వెనక్కి వచ్చాడు. కోటు జేబులోంచి మడత రంపం తీశాడు. అది లేకుండా ఆ మనిషి ఇల్లు కదలడు.

"ఇదిగో, చూడు. ఇక్కడ. నేలకి అంటుకుని," అంటూ చర్చి ప్యాంటుతో బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మొదటి మోడు తెగింది. "ఇప్పుడు చూడు ఎంత శుభ్రంగా ఉందో."

"సరే, ఆ ఒక్కటి చాలు. ఆ పక్కది వదిలెయ్," అంది విన్నీ.

"ఎలా వదుల్తా? దీనికి దారి ఇవ్వద్దూ?" రెండోది తెగింది. మూడోది.

"ఆ లావుది మాత్రం ముట్టుకోకు."

లావుదే ముట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది, టోపీ తీసి గడ్డిలో పడేశాడు. విరిగిన కొత్త కొమ్మని కూడా సరిచేసి కోశాడు. మెడ వంచి, నాలుక బయటపెట్టి, చుట్టూ ఎవరున్నారో మర్చిపోయి పని చేస్తున్నాడు. అప్పుడు నేను విన్నీ మొహం చూశాను. నవ్వడం లేదు. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. ఓసి దీని అసాధ్యం కూలా, అనుకున్నాను. శనివారం నుంచీ నేను ఏడ్చిన ఏడుపంతా దండగ.

చివరి మోడు తెగి పడ్డాక విన్నీ అంది:

"నోరా, రాసుకో. ఈ మడిలో ఇవాళ పని చేసింది ఎవరు?"

నోరా పెన్సిలు ఎత్తింది. క్లిఫర్డ్‌ని చూసింది. బురద మోకాళ్ళని, చేతిలో రంపాన్ని, చుట్టూ కోసి పడ్డ కొమ్మల్ని చూసింది.

"క్లిఫర్డే," అంది, అట్ట మొహానికి అడ్డం పెట్టుకుని.

క్లిఫర్డ్ రంపం వైపు చూసుకున్నాడు. "నువ్వు కావాలనే చేశావు," అన్నాడు మెల్లిగా.

"మిగతా రెండు పొదలూ చూశావుగా. అవి నేను నేల మీద పడుకుని కోశాను. ఇది కొయ్యలేకనా వదిలాను? కొయ్యగలను. నీకోసం ఉంచాను. శుక్రవారం రాత్రంతా ఆర్నాల్డ్‌కి క్షమాపణలు చెప్పుకుని మరీ పాడు చేశాను." ఎడమ చేతిని కుడిచేత్తో సర్దుకుంది. "నువ్వు చూస్తూ చూస్తూ పోలేవని నాకు తెలుసు. నువ్వే కాదు, ఈ కట్ట కింద ఎవరూ పోలేరు. ఐరీన్ కూడా పోలేకే పార పట్టింది. దాని పార తప్పయితే నీ రంపం కూడా రాయించు, మీటింగులో ఇద్దరివీ కలిపి చదువు. తప్పు కాదంటావా, నా మడి జోలికి రాకు. సగం ఇస్తావా, మూల ఇస్తావా అని బేరాలు కూడా పెట్టకు. మొత్తం నాదే."

"నిబంధన నేను రాయలేదు విన్నీ."

"పొద నువ్వే కోశావు కదా."

కట్ట మీద లీడ్స్ రైలు పోయింది. నోరా పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, పక్క మడికి పోదాం పద," అంది. ఆమె అట్ట మీద ఏమీ రాయలేదు, అది నేను చూశాను.

క్లిఫర్డ్ లేవబోయాడు. మోకాళ్ళు సహకరించలేదు. ఒక చెయ్యి నేల మీద ఆన్చాడు, జారింది. మళ్ళీ ప్రయత్నించాడు. డెబ్బై దాటిన మోకాళ్ళు, తడి మట్టి. పైకి చూశాడు, ఎవరి వైపో స్పష్టంగా కాదు.

నేను గోడ వదిలి ముందుకి కదిలాను.

"చేతులు జేబుల్లో," అంది విన్నీ.

ఆగిపోయాను. ఆమె కాలీడ్చుకుంటూ వెళ్ళి, చచ్చుపడిన కాలిని కంచె గుంజకి దన్ను పెట్టింది. కుడి చెయ్యి చాపింది. క్లిఫర్డ్ ఆ చెయ్యి వైపు, ఆమె మొహం వైపు చూశాడు. వేరే దారి లేదు. పట్టుకున్నాడు. విన్నీ ఒక్క ఊపు ఊపింది, కార్యదర్శి లేచి నిలబడ్డాడు.

ఆమె చెయ్యి అతను వెంటనే వదల్లేదు. తర్వాత వదిలి, టోపీ తీసుకుని బురద దులుపుకున్నాడు. "ఆ మూల పొదకి కూడా కాస్త పెంట వెయ్యి విన్నీ," అన్నాడు. "అంతా కోసేశాం కదా, ఆకలి మీద ఉంటుంది." నోరా వెనకే, ఆ చర్చి ప్యాంటుతోనే, పక్క మడిలోకి వెళ్ళిపోయాడు.

విన్నీ బకెట్ మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంకా ఏం చూస్తున్నావే ఐరీన్? చేతులు బయటికి తియ్యి. పెంట మొయ్యాలి."